అసలు సంగతి ఆఖర్న

అసలు సంగతిని ఆఖర్న చెప్పేవాళ్లను చూసి విసుక్కుంటున్నారా? అలాంటివాళ్లు ఎదురుపడితే దండం పెట్టండి!

మనిషి మెదడు తెలిసిన సంగతి ముందు వింటేనే కొత్త సంగతిని పట్టుకుంటుందట. దూలానికి కొక్కెం ఉంటేనే కదా ఉట్టి వేలాడేది? ఈ ముక్క సైంటిస్టులు ఇప్పుడిప్పుడే కనిపెడుతున్నారని లైబ్రరీలో ఒక పత్రిక చెబుతోంది. ఎంత ఆలస్యం!

క్రోసూరు వైపు రాళ్ల క్వారీలో పనిచేసే చిన్నకోటయ్య ఎవరి మెదడూ కోసి చూడకుండానే నలభై ఏళ్లుగా ఈ పద్ధతి పాటిస్తున్నాడు. ఏ ఇంటికి వెళ్లినా ముందు మంచినీళ్లు, తర్వాత వానలు, ఆ తర్వాత గొడ్డూగోదా, అప్పుడు కబురు. వచ్చీరాగానే కబురు చెప్పేశారంటే ఆ ఊళ్లో అర్థం ఒక్కటే. ఎవరో పోయారు.

మొన్న వేసవిలో ఆయన కొడుకు కోటేశ్వర్లు పేరున గవర్నమెంటు కవరు వచ్చింది. ఆ వంశంలో మొదటి బి.ఏ. అతనే. నరసరావుపేటలో గది తీసుకుని టైపు నేర్చుకుంటున్నాడు. చదువు రాని చిన్నకోటయ్య తీసుకెళ్లి ఇస్తే, కిరాణా కొట్టు శ్రీమన్నారాయణ కవరు విప్పి, మొదటి పేజీలో ‘ఇంటర్వ్యూ’, ‘సోమవారం’ అన్న మాటలు చూసి, ఉద్యోగం వచ్చినట్టే పొమ్మన్నాడు. రెండో పేజీ తిప్పబోతుంటే బేరం తగిలింది.

చిన్నకోటయ్య పోస్టాఫీసుకు పరుగెత్తి, గది ఓనరు ఇంటికి ట్రంకాల్ బుక్ చేశాడు. మూడు నిమిషాలు. ఎంత పద్ధతిగా వాడుకున్నాడు!

“ఒరేయ్ అబ్బాయ్, వాన లేదురా. మన చుక్కల గేదె ఈనింది, పాలు చానా ఇస్తంది. పోస్టు యోహాను తెలుసుగా, పొద్దున మనింటికొచ్చాడు. అప్పుడు మీ అమ్మ గడపలో కూర్చొని...”

లైన్ కట్!

ఇక టెలిగ్రామే దిక్కయింది. పోస్టుమాస్టరు వానా గేదే కొట్టేసి, ‘వెంటనే రా’ అని రెండే ముక్కలు పంపాడు. చూశారా క్షేమసమాచారం లేని నాగరికత! కోటేశ్వర్లు ఆదివారం బస్సు దిగిన దగ్గర్నుంచి అమ్మా అని ఏడుస్తూ వచ్చాడు. సర్టిఫికెట్లు గదిలోనే వదిలేశాడు. మిరపకాయల తొడిమలు తీస్తున్న తల్లి రోశమ్మ ఆ ఏడుపు విని, ఎవరు పోయారో తెలియకుండానే శోకం అందుకుంది. ఇద్దరినీ ఊరడించేసరికి చిన్నకోటయ్యకు తలప్రాణం తోకకొచ్చింది.

మొహం కడుక్కుని కోటేశ్వర్లు కాగితం చదివాడు. మొదటి పేజీ నిండా తన పేరు, తండ్రి పేరు, తను పెట్టిన అప్లికేషన్ నంబరు, సోమవారం జరగవలసిన ఇంటర్వ్యూ ప్రస్తావన. ఇంటర్వ్యూ తప్ప అన్నీ తెలిసినవే. ఎంత శాస్త్రీయం! రెండో పేజీ ఆఖరి వరుసలో, సదరు ఖాళీ ఇదివరకే భర్తీ అయినందున ఇంటర్వ్యూ రద్దు చేయడమైనది అని ఉంది.

“ఏందిరా రాసింది?” అన్నాడు తండ్రి.

“పోయినేడు అప్లికేషన్ పెట్టాం గదా నాయనా. నువ్వు క్వారీ పని మానుకుని సత్తెనపల్లి దాకా నాతో వచ్చావు గదా...”

చిన్నకోటయ్య కొడుకు భుజం మీద చెయ్యి వేశాడు.

“అర్థమైందిలేరా. ముందు అన్నం తిను.”

చెప్పకుండానే అందిందంటే పద్ధతి గొప్పది కాదూ? దాన్ని ఇంత శ్రద్ధగా పాటిస్తున్న ఆఫీసు వారిని మెచ్చుకోవాలి. కాకపోతే ఆ ఖాళీని ఎవరితో నింపారో కూడా రాయాల్సింది. ఆఖరి వరుస కింద సగం పేజీ తెల్లగానే ఉంది.