తరిగిపోయే పెట్టె

ఆ పొద్దున కోడలి ఆలోచన చాలా చిన్నది. పార్సిల్ వస్తుంది, మామగారు పుచ్చుకుంటారు, తాను సాయంత్రం వచ్చి ల్యాబ్‌కు పట్టుకుపోతుంది. అక్కడి ఫ్రీజరు మరమ్మతు సాయంత్రానికి గాని పూర్తి కాదు కాబట్టి ఇంటి చిరునామా ఇచ్చింది.

"మామయ్యా, పెట్టె వరండాలోనే ఉంచండి. మూత మాత్రం తియ్యకండి. లోపలున్నది చెడిపోతే నా చదువు అక్కడితో సరి," అని చెప్పి వెళ్ళింది.

మామగారు తూనికల ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. వీధిలో ఆయన పేరు కాటాగారు. ఆయన సంతలోకి అడుగుపెడితే దొంగ తూకపురాళ్ళు వాటంతటవే దొర్లుకుంటూ పోయి కాలవలో దూకేవంటారు. రిటైరైనా కాటాను మాత్రం వదల్లేదు. అది వరండాలో, ఆయన కుర్చీ పక్కనే ఉంటుంది.

పార్సిల్ అతను మోకాలెత్తు థర్మోకోల్ పెట్టె తెచ్చాడు. కాటాగారు సంతకం పెట్టకుండా పెట్టెను కాటా ఎక్కించారు.

"దీని మీద పది కిలోలని రాసుంది. ఇక్కడ ఆరే ఉంది. మిగతాది ఎవరు తిన్నారు?"

"దారిలో కొంచెం తగ్గుతుందండీ."

"తగ్గడానికి పార్సిలుకేమన్నా జ్వరమొచ్చిందా?"

అతను సంతకం కూడా అడక్కుండా బండెక్కి పోయాడు. అలా పోవడంతో కాటాగారి అనుమానం రెట్టింపయింది. కాఫీ తాగి మళ్ళీ తూచారు. ఇంకా తగ్గింది. కింద తడి లేదు, పెట్టెకు చిల్లు లేదు. లోపలున్నది నీరుగా మారకుండానే గాలిలో కలిసిపోయే డ్రై ఐస్ అని ఆయనకెవరూ చెప్పలేదు.

"ఏమే, ఇటువైపు వచ్చావా?" అని భార్యను నిలదీశారు.

"పొద్దుట్నుంచి వంటింట్లోనే చస్తున్నాను. మీ పెట్టె కొరుక్కుతిని బలిశానా ఏమిటి?" అందావిడ.

ఇక ఆగలేక మూత తీశారు. తెల్లటి పొగ, పొగ కింద మంచు, మంచులో వేలి కణుపంత గొట్టం. పట్టకారుతో పైకెత్తి ఎండకేసి చూశారు. ఖాళీ. గొట్టాన్ని మళ్ళీ మంచులో పడేసి మూత పెట్టారు గానీ, ఆయన కోపం మీద పెట్టడానికి మూత దొరకలేదు.

"రాత్రి అమ్మాయి ఏం చెప్పింది? అది మనిషి ప్రోటీనట, కానీ మనిషి ఒంట్లోంచి తీసింది కాదట, పురుగుల కణాల్లో తయారుచేశారట. కండలను కదిలించే మయోసిన్ జాతిదట, కానీ ఇది కండల్లోది కాదట. ఇన్ని కానివి చెప్పి చివరికి ఏమీ లేనిది అంటగట్టారు," అంటూ పార్సిల్ ఆఫీసుకు ఫోన్ చేశారు.

మేనేజరు వచ్చేసరికి వీధి సగం వరండాలో ఉంది. కాటాగారు అందరి ముందూ తూచారు. మేనేజరు నీళ్ళు తాగి గ్లాసు దించేలోగా ముల్లు ఇంకొంచెం జారింది. చూస్తున్నవాళ్ళు తమ జేబులు తడుముకున్నారు.

"సార్, అది ఆవిరైపోతుందండీ," అన్నాడు మేనేజరు.

"బెల్లం వ్యాపారి చీమలన్నాడు. నూనె వ్యాపారి పీపా పీల్చిందన్నాడు. ఆవిరన్నవాడు కిరసనాయిలు వ్యాపారి. ముగ్గురిలో వాడికే జరిమానా ఎక్కువ వేశాను. తరుగు పూడ్చి పది కిలోలు చూపించు. అందాకా నీ బండి ఇక్కడే ఉంటుంది."

మేనేజరు జనాన్ని చూశాడు, బండికి అడ్డంగా వేసిన కుర్చీని చూశాడు. గోడౌనుకు కబురంపి బస్తాడు డ్రై ఐస్ తెప్పించి, తనకు పదోన్నతి ఇచ్చినవాణ్ణి మనసులో తిట్టుకుంటూ, ముల్లు పది దగ్గర నిలిచేదాకా పోశాడు.

అప్పుడే కోడలు పరుగున వచ్చింది. ముఖంలో నెత్తుటి చుక్క లేదు. "మామయ్యా, కంపెనీవాళ్ళు ఇప్పుడు చెబుతున్నారు, మూడు రోజులకు సరిపడా మంచే వేశారట. ఆ మూడు రోజులూ దారిలోనే అయిపోయాయి. ఈపాటికి మంచంతా పోయుంటుంది. అది ఒక్కసారి కరిగిందంటే ఇక పనికిరాదు. ఇంకోటి వచ్చేలోగా నా గడువు అయిపోతుంది."

మూత తీసింది. మంచు అంచుదాకా ఉంది. తవ్వి గొట్టం తీసి వెలుతురుకు పెట్టి చూసింది. అడుగున చీమ కన్నీటిబొట్టంత ప్రోటీన్, రాయిలా గడ్డకట్టి ఉంది. ఆమె కాటాగారి పాదాల దగ్గరే కూలబడి ఏడుస్తూ నవ్వింది.

"తూకం సరిచేయించానమ్మా," అన్నారాయన, కోపం ఇంకా దిగకుండానే. "ఆ ఖాళీ గొట్టం సంగతి మాత్రం నువ్వే తేల్చుకో."

సాయంత్రం కోడలు గొట్టాన్నీ, దానికి కావలసినంత మంచునూ ల్యాబ్‌కు పట్టుకుపోయింది. మిగిలిన మంచుతో పెట్టె వరండాలోనే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున కాటాగారు దాన్ని తూచి, కాఫీ కూడా తాగకుండా చొక్కా తొడుక్కుని పార్సిల్ ఆఫీసుకు బయలుదేరారు.