సన్న తీగపై కుట్ర

“ఈ ఇంట్లోంచి ఎవరూ కదలకూడదు. అపరాధి మన మధ్యనే ఉండాడు,” అన్నాడు శేషగిరి, బొరుగుల ఉగ్గాని ప్లేటు చేత్తో పట్టుకుని. “దక్షిణ భారతదేశంలో నా కండ్లబడి తప్పించుకున్న నేరం ఇంతవరకు లేదు.”

అబ్దుల్లాకు తెలిసినంతలో శేషగిరి కళ్లబడిన నేరాలే లేవు. హిందూపురంలో చింతపండు మండీ చూసుకునే ఈ పెద్దమనిషికి డిటెక్టివ్ పిచ్చి పట్టాక తేలిన కేసు ఒకే ఒక్కటి. తన స్కూటర్ తాళం మాయమైతే, అది తన జేబులోనే దొరికింది. దాన్ని ‘అంతర్గత కుట్ర’ అని ఇప్పటికీ చెప్పుకుంటాడు. చిన్ననాటి స్నేహితుడు కాబట్టి అబ్దుల్లా భరిస్తున్నాడు గానీ, వేరేవాళ్లయితే ఎప్పుడో పారిపోయేవాళ్లు.

ఇల్లు హరీష్‌ది, ధర్మవరంలో మగ్గం నేసే ఇల్లు. మొహిద్దీన్ సాబ్ ఆర్కెస్ట్రాలో అబ్దుల్లా డ్రమ్ ప్యాడ్లు వాయిస్తే, హరీష్ ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తాడు. ఆమధ్య గిటార్ సన్న తీగ తెగితే తనే కొత్తది వేసుకున్నాడు. అప్పటి నుంచి పాట సగానికి రాకముందే ఆ ఒక్క తీగ శ్రుతి దిగిపోతోంది. వరసగా రెండు పెళ్లిళ్లలో పరువు పోయింది. తన సామాను తాను చూసుకోలేనివాడు తనకు అక్కర్లేదని సాబ్ తెగేసి చెప్పాడు. సాయంత్రం పెనుకొండలో రిసెప్షన్. అక్కడ కూడా తీగ దిగితే హరీష్ కూడా స్టేజీ దిగిపోవాల్సిందే. ఆ గిటార్ తప్ప లోకంలో ఇంకేదీ పట్టని మనిషి, పాపం, పొద్దున్నుంచి మెతుకు ముట్టలేదు.

సంగతి విని కేసు పట్టడానికి దిగిన శేషగిరి ముందు మగ్గాన్ని అనుమానించాడు. దాని దెబ్బలకే తీగ హడలిపోతోందని, హరీష్ వాళ్లమ్మ యశోద చేత నేత ఆపించి, చుట్టూ అనుమానంగా తిరిగి, మగ్గం గుంతలో పడ్డాడు. పైకి లాగాక మగ్గం నిర్దోషి అని ప్రకటించాడు. తర్వాత అనుమానం ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించిన అతని మీదికి మళ్లింది. అతను ఎప్పుడో కువైట్ వెళ్లిపోయాడని అబ్దుల్లా ఓపిగ్గా చెప్పాడు.

“ఆడనుంచి చేసినాడంటే మామూలోడు కాదబ్బా,” అన్నాడు శేషగిరి.

ఇక వేలిముద్రలు. ఉగ్గాని మీద ఉన్న పుట్నాల పొడి తీసి గిటార్ తల మీద చల్లాడు. భూతద్దంలోంచి పుట్నాల పొడే కనబడింది. మరింత వంగి, నేరం ఎలా జరిగిందో మళ్లీ జరిపి చూపించమన్నాడు. హరీష్ తీగ బిగించే కీ తిప్పాడు. తీగతోపాటు శేషగిరి మీసం కుడి కొస కూడా చుట్ల మధ్యకు పోయింది.

వెనక్కి తిప్పితే ఇంకా చిక్కుపడింది. డిటెక్టివ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. విడిపిద్దామని వంగిన అబ్దుల్లా ఆ కీని చూసి నివ్వెరపోయాడు. జానెడు తీగ మిగిలితే ఎవరైనా కత్తిరించి పారేస్తారు. మగ్గం ఇంట్లో పుట్టినవాడికి మంచి పోగు తుంచడానికి చేయి రాదు. హరీష్ ఉన్న తీగంతా కీకి చుట్టేశాడు, కండెకు పట్టు చుట్టినట్టు, ఒకదాని మీద ఒకటి.

యశోద కత్తెర తెచ్చింది. ఏది కోయాలో ఎవరికీ పాలుపోలేదు. ఇంకో తీగ కావాలంటే బెంగళూరు పోవాలి, అంత పొద్దు లేదు.

“మీసమే కోయప్పా,” అన్నాడు శేషగిరి.

“ఆదివారం నీకు పెండ్లిచూపులు గదన్నా,” అని హరీష్ కళ్లు మూసుకుని తీగనే కత్తిరించాడు. ఆ పూట అబ్దుల్లాకు వాడి మీద గౌరవం కలిగింది.

మీసం బయటపడింది గానీ, మిగిలిన తీగను మళ్లీ బిగిస్తే కీకి రెండు మూడు చుట్లకు మించి రాలేదు. దాంతోనే పెనుకొండ రైలెక్కారు. దారంతా హరీష్ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

మొదటి పాట అయింది. తీగ దిగలేదు. రెండోదీ అయింది. మూడో పాటలో హరీష్ తెగించి లాగి లాగి వాయించాడు, అయినా శ్రుతి చెక్కుచెదరలేదు. ప్యాడ్ల వెనక అబ్దుల్లాకు అప్పుడు వెలిగింది. ఇన్నాళ్లూ లాగినప్పుడల్లా ఆ వదులు చుట్లే సర్దుకుని తీగను దించేశాయి. చుట్లు పోగానే రోగమూ పోయింది. నేరస్థుడు హరీషే, పట్టించింది మీసం.

ప్రోగ్రాం అయ్యాక మొహిద్దీన్ సాబ్ వచ్చి, ఇన్నాళ్లూ ఆ గిటార్‌కు ఏమైందని నిలదీశాడు. జరిగింది హరీష్‌కూ అర్థమైనట్టుంది, తల దించుకున్నాడు. శేషగిరి మీసం దువ్వుకుంటూ ముందుకొచ్చాడు.

“చంద్రుడు సాబ్. పోయిన రెండు పెండ్లిండ్లూ పున్నమి దగ్గరే. సముద్రాన్నే గుంజేటోనికి సన్న తీగ ఒక లెక్కనా?”

సాబ్ అతన్ని ఎగాదిగా చూసి, అబ్దుల్లా వైపు తిరిగాడు. అబ్దుల్లా మాటంటే ఆయనకు గురి.

“నిజమేనా అబ్దుల్లా?”

అబ్దుల్లా హరీష్ దించిన తలను చూశాడు. శేషగిరి మాటకు తాను జన్మలో వంత పాడనని ఎన్నిసార్లు అనుకున్నాడో.

“నిజమే సాబ్. నేను కండ్లారా చూసినా.”

సాబ్ కాసేపు ఆకాశంలోకి చూసి ఆలోచించాడు.

“రేపటి మడకశిర ప్రోగ్రాంకు పున్నమి ఇంకా దూరమేలే,” అన్నాడు. “హరీషూ, వ్యాన్ పొద్దున్నే వస్తాది. గిటార్ తీసుకొని రా.”