ముప్పై ఎనిమిది ఫారాలు, ఒకే ఫిర్యాదు

ఆ సోమవారం ఉదయం బిజినెస్ కాలేజీ రెండో ఏడాది క్లాసు వేసుకున్న పథకం చాలా చిన్నది. మొదటి పీరియడ్‌లో అభిప్రాయాల ఫారాలు పంచుతారు. స్టాటిస్టిక్స్ మాస్టారి గురించి నాలుగు మంచి ముక్కలు రాసి ఇచ్చేస్తే ఆయన ఉద్యోగం నిలబడుతుంది. ఇంత చిన్న పని చెడగొట్టాలంటే బాగా చదువుకున్నవాళ్ళే కావాలి. వీళ్ళు ఆ చదువులోనే ఉన్నారు.

కాలేజీ కూడా చిన్నదే. ఒక మేడ, నాలుగు క్లాసు గదులు, మంచినీళ్ళ ఫిల్టరు దగ్గర ఎప్పుడూ ఒక క్యూ. మాస్టారిది ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. పిల్లల అభిప్రాయాలు బాగుంటే మరో ఏడాది, లేకపోతే ఇంటికి. ఆయనకు యాభై ఏడేళ్ళు. ఆ వయసులో ఇంకో కాలేజీ మెట్లెక్కితే కూర్చోమని కుర్చీ చూపిస్తారు గానీ ఉద్యోగం చూపించరు. గంట కొట్టాక కూడా అర్థం కానివాళ్ళ కోసం పావుగంట నిలబడి, లెక్క మళ్ళీ మొదటినుంచీ చెప్పే మనిషి ఆయన. విసుక్కోవడం చేతకాదు. ముప్పై దాటి, పెళ్ళయి, ఒక పాపకు తండ్రయి, మందుల షాపు నడుపుకుంటూ మళ్ళీ చదువుకు వచ్చిన ఒకతన్ని క్లాసంతా బావా అని పిలుస్తుంది. ఆ బావ జన్మలో మొదటిసారి లెక్కల్లో పాసయింది ఈయన చలవవల్లే.

చిక్కు తెచ్చిపెట్టింది క్లాసు లీడరు. ఆ అమ్మాయికి మనసు వెన్న, బుర్ర పాదరసం. కిందటి వారం మార్కెటింగ్ పాఠంలో విన్న ఒక ముక్క ఆమె తలకెక్కింది. ఉత్త పొగడ్తలను జనం నమ్మరట, పక్కన చిన్న లోపం కూడా కనిపిస్తేనే నమ్ముతారట. అందుకని ఫారాలు రాకముందే క్లాసు తలుపు వేసి అందరినీ కూర్చోబెట్టింది.

"పై గడిలో మీ మనసులో ఉన్నదంతా రాసెయ్యండి. కింద ఫిర్యాదుల గడిలో మాత్రం ఒక్కటంటే ఒక్కటి రాయండి. చిన్నది, సారుకి నొప్పి తగలనిది. ఎవరిది వాళ్ళే ఆలోచించుకోండి. అందరివీ ఒకేలా ఉంటే దొరికిపోతాం," అంది.

ఫారాలు చేతికి రాగానే పై గడి నిమిషాల్లో నిండింది. కింద గడి దగ్గర పెన్నులు ఆగిపోయాయి. ఆయన తిట్టరు. లేటుగా రారు. మార్కులు కోయరు. ఎవరి బెంచీ మీద వాళ్ళు చెమటలు కక్కుతూ వెతగ్గా వెతగ్గా చివరికి ఒక లోపం దొరికింది: గంట కొట్టినా వదలరు. ముప్పై ఎనిమిది మందికీ అదే దొరికింది. పాపం, ఆ మనిషిలో ఉన్నదే అదొక్కటి. నమ్మకం కుదరాలని బావ దాని కింద రెండు గీతలు కూడా గీశాడు.

ప్రిన్సిపాల్ మేడం చెడ్డావిడ కాదు, తీరిక లేని మనిషి. ఫిర్యాదుల మీద ఏం చర్య తీసుకున్నారన్నదే యాజమాన్యం అడుగుతుంది గనక ఆవిడ ఎప్పుడూ కింద గడే చదువుతుంది. సగం మంది ఒకే ఫిర్యాదు చేస్తే మెమో ఇవ్వాలని రూలు. ఇక్కడ వందకు వంద. మధ్యాహ్నానికల్లా మెమో మాస్టారి బల్ల మీద ఉంది.

మర్నాడు ఆయన "కాబట్టి సగటు ఎంతంటే" అంటూండగా గంట మోగింది. మాట అక్కడే ఆపి, సుద్దముక్క డబ్బాలో వేసి, తల వంచుకుని వెళ్ళిపోయారు. క్లాసులో ఒక్కరూ లేవలేదు. ఏం జరిగిందని ఆఫీసు గుమస్తాను అడిగితే మెమో సంగతి బయటపడింది. లీడరు ఊరుకునే రకం కాదు. సాయంత్రానికల్లా, గంట తర్వాత ఉండటం మాకు ఇష్టమేనని ఒక ఉత్తరం రాసి, ముప్పై ఎనిమిది సంతకాలతో మేడానికి ఇచ్చింది.

మేడం లెక్క వేరు. నిన్న మెమో ఇస్తే ఇవాళ సంతకాలొచ్చాయంటే, మాస్టారే పిల్లల్ని బెదిరించి పెట్టించారన్నమాట. బుధవారం పదకొండు గంటలకు విచారణ, బెదిరింపు నిజమని తేలితే పొడిగింపు లేదు అని నోటీసు అంటించారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

బుధవారం పొద్దున్నే లీడరూ బావా స్టాఫ్‌రూమ్‌కి వెళ్ళి జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పారు. చెబుతూనే లీడరు ఏడ్చేసింది. గీతలు గీసింది తనేనని బావ ఒప్పుకున్నాడు. మాస్టారు ఒక్కటే అడిగారు.

"అయితే మిమ్మల్ని కూర్చోబెట్టేయడం మీకు కష్టంగా లేదా అమ్మా?"

"ఆ పావుగంట కోసమే కాలేజీకొస్తున్నాం సార్."

రెండు రోజులుగా తిండి సహించని మనిషికి ప్రాణం లేచొచ్చింది. కానీ వెంటనే ఆయనలోని మాస్టారు కూడా లేచి కూర్చున్నాడు. ఫారాలు నింపే ముందు అందరూ మాట్లాడుకున్నారంటే ఆ సర్వే చెల్లదు, ఆ ముక్క మేడానికి తానే చెప్పాలి అన్నారు. బావ అడ్డుపడ్డాడు.

"పై గడులు కూడా పోతాయి సార్. మీకున్న ఆధారం అదొక్కటే."

"తెలుసు నాయనా. మీకో పాఠం చెప్పి, నా అవసరానికి ఇంకోటి చేస్తే, రేపు మీ ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడను?"

పదకొండింటికి ఆయన ఆ మాటే చెప్పి, తన చేత్తో రాసి సంతకం పెట్టారు. మేడం ఆ కాగితాన్ని చూసింది, గుమ్మం దగ్గర ముక్కు తుడుచుకుంటున్న లీడర్ని చూసింది, ఫారాల కట్ట విప్పి మొదటిసారి పై గడి చదివింది. తర్వాత ఇంకోటి. రెండు గీతలున్న ఫారం దగ్గర ఆగిపోయింది. మా పాప ఇప్పుడు నన్ను లెక్కలు అడుగుతోంది, చెప్పగలుగుతున్నాను అని రాసి ఉంది అందులో.

ఆవిడ కట్ట మీద ఎర్ర సిరాతో రద్దు అని రాసింది. ఫారాలు పోయాయి గనక వాటితో పుట్టిన మెమో, విచారణ కూడా పోయాయంది. మరి పొడిగింపు సంగతేమిటని గుమ్మంలోంచి బావ అడిగాడు. మేడం రూళ్ళ పుస్తకం తీసి, అభిప్రాయాలు లేని పక్షంలో పాత నియామకమే మరో ఏడాది కొనసాగవలెను అన్న వాక్యం రెండుసార్లు పైకి చదివింది. ఎవరికీ అర్థం కాకపోతే మూడోసారి కూడా చదివింది. లీడరు ఈసారి సంతోషంతో ఏడ్చింది.

"చెల్లని కాగితాలు ఆఫీసులో ఉంచకూడదు మాస్టారూ. ఇంటికి తీసుకెళ్ళండి. పై గడులు తీరిగ్గా చదువుకోండి," అంది మేడం.

ఆయన ఆ కట్టను రెండు చేతులతో అందుకున్నారు. కళ్ళజోడు తుడుచుకోవడానికి మూడో చెయ్యి లేక అలాగే నిలబడ్డారు.

పై గడిలో రాసిన మంచి మాటలు ఒక మాస్టారి ఉద్యోగం నిలబెట్టడం ఆ కాలేజీలో అదే మొదటిసారి, కాకపోతే అందుకు వాటిని రద్దు చేయాల్సి వచ్చింది.