నిలవడి కొట్టు బిడ్డా

గోడాదరాలో మగ్గాల కార్ఖానాలో పనిచేసే దేవదాస్ ఆ ఆదివారం పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. కూతురు హారతిని డిండోలి మైదానంలో జిల్లా సాఫ్ట్‌బాల్ జట్టు ఎంపికకు తీసుకుపోవాలి, నీడ చూసుకుని కూర్చోవాలి, వచ్చేటప్పుడు శనగపిండి ఖమణ్ పొట్లం కట్టించుకుని ఇంటికొచ్చి పడుకోవాలి. సలహా ఇచ్చే మనిషి ఎదురుపడకపోతే అలాగే జరిగేది.

ఇంటి ముందు గల్లీలో హారతి సాధన చేస్తోంది. కుడిచేత్తో అన్నం తినే పిల్ల ఎడమచేతివాటంగా నిలబడి, బంతి వస్తోందనుకుని ముందే పరుగు మొదలుపెట్టి, పోతూ పోతూ బ్యాటు తగిలిస్తోంది. పక్కింటి పరుశురాం పళ్లు తోముకుంటూ చూశాడు. జన్మలో బ్యాటు పట్టకపోయినా, టీవీలో ఒక్క క్రికెట్ మ్యాచ్ కూడా వదలని పండితుడతను.

"దేవన్నా, పిల్ల బంతికి భయపడుతున్నది. కొట్టకముందే ఉరుకుతున్నది సూడు."

"భయం కాదు కాకా," అంది హారతి. "ఎడమ దిక్కు నిలవడితే ఉరికి చేరాల్సిన ఫస్ట్ బేస్ దగ్గరైతది. ఉరుక్కుంట కొడితే వాళ్లు బాల్ ఏరుకునేసరికే నేను ఆడుంట. మా కోచ్ అలేఖ్య మేడమే నేర్పింది."

దేవదాస్‌కు ఇది మింగుడుపడలేదు. బదిలీ మనిషి వచ్చి నిలబడేదాకా మగ్గం వదలని మనిషి ఆయన. పని కాకముందే పరుగెత్తేవాళ్లంటే గిట్టదు.

లోపల చీరలకు రాళ్లు అంటిస్తున్న సమ్మక్క దిష్టి తాకిందని తేల్చేసింది. పసుపు దారానికి నిమ్మకాయ గుచ్చి భర్త చేతిలో పెట్టింది.

"ఆటకు దిగే ముందు చేతికి కట్టు. ఇయ్యాల జట్టుల తీసుకోకుంటే ఆట బంద్. రేపటిసంది నాతోని రాళ్లు అంటిస్తది."

సమ్మక్క ఊరికే అనే మనిషి కాదు.

ఎంపికలో ఒక్కొక్కరికి మూడు బంతులు. మొదటి బంతికి హారతి అడుగు తీయబోయింది.

"నిలవడి కొట్టు బిడ్డా, భయపడకు."

మూడో బేస్ పక్కన కూర్చున్న దేవదాస్‌ది మగ్గాల చప్పుడులో మాట్లాడి మాట్లాడి పెరిగిన గొంతు. మైదానమంతా తిరిగి చూసింది. పిల్ల ఆగింది, బంతి పోయింది. రెండోసారి తండ్రి మాట జవదాటలేక కదలకుండా నిలబడి బలంగానే కొట్టింది. ఆ తర్వాత ఎంత పరుగెత్తినా బేస్‌కు అడుగు దూరంలో ఔటైంది.

అలేఖ్య మేడం చరచరా వచ్చింది. "సార్, దయచేసి ఊరుకోండి. ముందుగా తీసే ఆ రెండడుగులే ఆ పిల్ల బలం. ఇక మిగిలింది ఒక్క బంతే."

దేవదాస్ సిగ్గుపడి జేబులో చెయ్యి పెట్టాడు. నిమ్మకాయ తగిలింది. కట్టడం మరిచిపోయాడు. తప్పంతా ఎక్కడుందో ఆయనకు తెలిసిపోయింది. వెంటనే లేచి గీత దాటాడు.

ఎడమవాటంగా నిలబడ్డ హారతి ముఖం సరిగ్గా అటువైపే ఉంది. బంతి బయల్దేరింది. దాని వెనకాల పసుపు దారం ఊపుకుంటూ బాపు కూడా బయల్దేరాడు. జిల్లా పిల్లలందరి ముందు చేతికి నిమ్మకాయ కట్టించుకోవడం కన్నా చావు నయమనిపించింది హారతికి. కాళ్లు వాటంతటవే లేచాయి. పోతూ పోతూ బ్యాటు బంతికి తగిలింది. బంతి ఇంకా గడ్డిలో దొర్లుతుండగానే హారతి మొదటి బేస్ మీద నిలబడి వెనక్కి చూసింది, బాపు ఎంత దూరంలో ఉన్నాడోనని.

"ఇంత ముందుగా ఎవరూ కదలగా చూడలేదు," అని అలేఖ్య మేడం అక్కడికక్కడే పేరు ఖాయం చేసింది. రాళ్ల పని తప్పినందుకు హారతి ఏడ్చేసింది. "ఎలా పరుగెత్తావే?" అని మేడం పక్కకు పిలిచి అడిగితే, ఉన్నదున్నట్టు చెప్పేసింది.

దేవదాస్ గల్లీలో అందరికీ ఖమణ్ పంచాడు. "కట్టనే లేదు పరుశురాం, జర సూపిచ్చిన అంతే. భయం మొత్తం పోయింది."

తర్వాతి వారం అలేఖ్య మేడం జట్టును ప్రకటించింది. అందులో దేవదాస్‌కూ ఒక స్థానం దొరికింది: మూడో బేస్ పక్కన, నిమ్మకాయతో.