కుదుపు తగలకూడదు

ఆ శుక్రవారం పొద్దున్న సన్యాసిరావు మాస్టారు అనుకున్న పని చిన్నదే. నెలలు నిండిన చిట్టెమ్మను చింతపండు వ్యాపారి వరహాలరావు పికప్పులో పడుకోబెట్టి, ఎండ ముదరకముందే కొండ దింపి పాడేరు ఆసుపత్రిలో చేర్చాలి. ఆమె కాళ్ళు బాగా వాచి ఉన్నాయి. నొప్పులు మొదలయ్యేదాకా ఆగవద్దని ఊరికి వచ్చిన నర్సమ్మ గట్టిగా చెప్పి వెళ్ళింది. బండి అడిగారు, ఇచ్చారు. డ్రైవరు యర్రయ్య వచ్చాడు. ఇక కావలసింది ఒక్కటే. దారిలో కుదుపు తగలకూడదు.

కుదుపు సంగతి మాస్టారికి తెలుసు. కిందటి వానాకాలం ఆయన భార్య రత్నాలును ఇదే బండిలో, ఇదే దారిన, ఇదే పనికి తీసుకువెళ్ళారు. చింతచెట్టు మలుపు దాకా ఆమె ఆయన మణికట్టు పట్టుకునే ఉంది. మలుపు దాటాక పట్టుకోలేదు. ఆ తరువాత ఆయన ఆ మాట ఎవరితోనూ ఎత్తలేదు. బడి మాత్రం వేళకు తెరుస్తూనే ఉన్నారు.

పికప్పు పుట్టుకతో అంత చెడ్డది కాదు. దారికి అడ్డంగా పారే గెడ్డలో రాళ్ళు అడుగున కొట్టుకుంటున్నాయని వరహాలరావు దానికి అదనంగా కమాను పట్టీలు వేయించి జానెడు పైకి లేపించాడు. అప్పటి నుంచి రాళ్ళు బండికి తగలడం మానేశాయి. ఎక్కినవాళ్ళకు తగులుతున్నాయి.

"మెత్తగా నడపలేవా యర్రయ్యా?"

"నడిపేది నానే గానీ ఎగిరేది అది కదా మాస్టారూ. ఖాళీగా ఉందంటే మేకపిల్లే."

మొదట బండి వెనక తొట్టిలో గడ్డి పరిచారు. తరువాత టైర్లలో గాలి కొంత తీశారు. పరీక్ష చేద్దామని మాస్టారు నిండు నీళ్ళకుండ ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చుని బడి చుట్టూ తిప్పమన్నారు. మొదటి గుంటలో నీళ్ళు తొణికాయి. రెండో గుంటలో కుండ పగిలింది. తడిసిన పంచెతో దిగుతున్న మాస్టారిని చిట్టెమ్మ అత్త తవిటమ్మ ఎగాదిగా చూసింది.

"ఏటి బాబూ, మా కోడలి కంటే ముందు నీకే ఉమ్మనీరు పోయినాదా?"

"సింతపండు బస్తాలు ఏసినప్పుడు సూడాల దీన్ని," అన్నాడు యర్రయ్య. "ఉయ్యాలే. బరువుంటే కిక్కురుమనదు."

చింతపండు కాలం ఎప్పుడో అయిపోయింది. బస్తాలు లేకపోతే మనుషులున్నారు కదా అనుకున్నారు మాస్టారు. చిట్టెమ్మ భర్త సోమన్నను పిలిచి, బరువు కోసం కొంతమందిని తీసుకురమ్మన్నారు.

ఆ ఊళ్ళో కొంతమందిని పిలవడం అనేది లేదు. ఊరి పని అంటే ఇంటికొకరు రావాలి. ఒక ఇంటిని పిలవకపోతే ఆ ఇంటిని వెలివేసినట్టు. వచ్చినవాణ్ణి వెనక్కి పంపితే అంతకంటే పెద్ద తప్పు. సోమన్న గడప గడపకూ వెళ్ళి ఊరి పని అని చెప్పాడు. పైగా ఆ రోజు పాడేరు సంత. ఇంటికొకరే వచ్చారు. ఆ ఒక్కొక్కరి వెంట అడ్డాకుల కట్టలు, పనసకాయలు, కోళ్ళు కూడా వచ్చాయి. సుక్రు మేకను ఎక్కించాడు.

"మేకెందుకు సుక్రూ?"

"బరువుకే బాబూ. నాను బక్కోణ్ణి కదా."

బండి కిర్రుమంటూ కిందికి దిగింది. కొత్త కుండ నింపి సుక్రు చేతికిచ్చి మళ్ళీ బడి చుట్టూ తిప్పారు. చుక్క తొణకలేదు. వానాకాలం తరువాత మాస్టారు నవ్వడం ఊరు అప్పుడే చూసింది.

ఆ నవ్వుతోనే బండిని సోమన్న ఇంటి ముందు ఆపించారు. చిట్టెమ్మ గుమ్మం పట్టుకుని తొట్టిలోకి చూసింది. పరిచిన గడ్డిని మేక తినేసింది. ఆ చోటులో మంగ్లు పనసకాయలు పేర్చుకుని వాటి మీద కూర్చున్నాడు.

"నానెక్కడ పడుకోవాల?" అంది చిట్టెమ్మ.

"కొందరు దిగండి," అన్నారు మాస్టారు.

ఎవరూ కదల్లేదు.

"దిగితే కుదుపుతాది కదా బాబూ," అన్నాడు మంగ్లు. "మీరే అన్నారు."

"సిట్టెమ్మ కోసమే కదా కూకున్నాం," అన్నాడు సుక్రు, మేక మీద చెయ్యి వేసి. "మాకేటి, సరదానా?"

మాస్టారు ఎంత ఆలోచించినా ఆ మాటలో తప్పు దొరకలేదు. ఎవరిని దింపినా ఒక ఇంటిని దింపినట్టే. ముందు సీటులో కూర్చునే స్థితిలో చిట్టెమ్మ లేదు.

"మీ బండీ వద్దు, మీ బరువూ వద్దు," అంది తవిటమ్మ. "డోలీ కట్టరా సోమా, బేగి."

వెదురుబొంగుకు దుప్పటి కట్టి అందులో చిట్టెమ్మను పడుకోబెట్టారు. సోమన్న ముందు భుజం పెట్టాడు. వెనక పెట్టడానికి మనిషి లేడు. మోయగల మగవాళ్ళంతా బరువుగా కూర్చుని, ఆ బండిలోనే ముందే సంతకు వెళ్ళిపోయారు. మాస్టారు కండువా మడిచి భుజం మీద వేసుకున్నారు.

"అలవాటుందా బాబూ?" అంది తవిటమ్మ.

"లేదు."

చింతచెట్టు మలుపు దాటి డోలీ గెడ్డ చేరేసరికి పికప్పు నీళ్ళ మధ్య ఉంది. గాలి తక్కువ, మనుషులు ఎక్కువ. ఏ రాళ్ళు తగలకూడదని దాన్ని పైకి లేపించారో, ఆ రాళ్ళ మీదే అది మెత్తగా కూర్చుంది. వెనక కమాను రెండు ముక్కలైంది. ఇంటికొకరు చొప్పున ఊరు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఉంది. యర్రయ్య బండి కింద తల పెట్టి ఏవో మాటలు అంటున్నాడు. అవి బండికి మాత్రమే వినబడ్డాయి.

మంగ్లు పనసకాయలు ఒడ్డున పడేసి వచ్చాడు. మాస్టారి భుజం కింద తన భుజం దూర్చాడు.

"ఒగ్గీ బాబూ. ఊరి పని కదా."

అక్కడి నుంచి ఏ ఇల్లూ మిగలకుండా అందరూ భుజం మార్చుకున్నారు. చివర మేకతో సుక్రు నడిచాడు.

పొద్దు వాలకముందే చిట్టెమ్మకు ఆడపిల్ల పుట్టింది. బిడ్డ ఏడ్చింది. తల్లి నీళ్ళు అడిగి తాగింది. మాస్టారు వరండాలో స్తంభానికి ఆనుకుని, తోలు లేచిన భుజాన్ని కండువాతో కప్పుకుని, ఆ ఏడుపు ఆగేదాకా విన్నారు.

ఆసుపత్రి నర్సు బయటికి వచ్చింది.

"ఇంత దూరం మోసుకొచ్చారా? దారిలో కుదుపు తగిలిందా అని అడిగితే ఒక్కచోటే అంటోంది. చింతచెట్టు మలుపు దగ్గరట. వెనక మోసినాయన కాళ్ళు వణికాయట. ఎవరాయన?"

అందరూ మాస్టారి వైపు చూశారు. సోమన్న మాత్రం నేల చూశాడు.

"చదువుకున్నవారిలా ఉన్నారు. చూసి నడవొద్దూ?" అంది నర్సు.

"నిజమేనమ్మా," అన్నారు మాస్టారు. "తిరుగు దారిలో చూసి నడుస్తాను."