సీలు వేసిన సొరకాయలు

పెరట్లో కాసే ప్రతి కాయా జాతి సంపదేనని డెబ్భై నాలుగులో బెజవాడలోని ఒక కార్యాలయం కనుక్కొంది. అంతవరకు జనం దాన్ని కూర అనుకుంటూ వచ్చారు. ఇలాంటి అజ్ఞానాన్ని ఎంతకాలమని ఊరుకుంటారు? వెంటనే ‘పెరటి తోటల ద్వారా సమాజ శ్రేయస్సు విభాగం’ వెలిసింది. దానికి ఒక అధికారి, ఆ అధికారికి ఒక జీపు, ఆ జీపుకు ఒక బోర్డు వచ్చాయి. (ఇక తోట ఒక్కటే రావాలి. దాన్ని ప్రజల దగ్గర చూసుకోమని పైనుంచి ఉత్తర్వు.)

గుణదల కొండ కింద సందులో ఉండే తెరేసమ్మకు ఈ సంగతులేవీ తెలియవు. ఆమెకు తెలిసిందల్లా వంటింటి వెనకున్న సొర పందిరి. గుండ్రంగా, నున్నగా, లేతగా కాసేవి కాయలు. తాము తినగా మిగిలినవి గోడ మీదుగా పక్కింటి త్రిపురసుందరికి అందించేది. ఒకోసారి కూరే వండి గిన్నెలో పెట్టి ఇచ్చేది. ఆ గిన్నె ఎన్నడూ వట్టిది తిరిగి రాలేదు. కందిపొడో, మాగాయ ముక్కలో వేసుకునే వచ్చేది. సమాజ శ్రేయస్సు అనేది ఆ గోడ మీద ఏళ్ళ తరబడి ఏ అనుమతీ లేకుండా జరిగిపోతూ ఉండేది.

అయితే ఆ పందిరికి అసలు హక్కుదారు వేరు. తెరేసమ్మ భర్త మరియదాసు ఓ సర్కారు ఆఫీసులో గుమాస్తా. ఒకప్పుడు టైఫాయిడ్ వచ్చి మంచం పట్టాడు. “నా పెరట్లో నా చేత్తో పెంచిన సొరకాయలతో పప్పు వండి, నీ తిరునాళ్ళకొచ్చే వాళ్ళకి కడుపునిండా పెడతాను తల్లీ” అని తెరేసమ్మ కొండమీది మరియమాతకు మొక్కుకుంది. మరియదాసు లేచి కూర్చున్నాడు. అప్పటినుంచి ప్రతి ఫిబ్రవరిలోనూ పామర్రు వైపునుంచి నడిచి వచ్చే యాత్రికులు ఆమె గుమ్మం ముందు విస్తళ్ళు వేసుకుని కూర్చోవడం ఆనవాయితీ అయింది.

ముప్పు తెచ్చిపెట్టింది ఆ లేచి కూర్చున్న మనిషే. పేపర్లో ప్రకటన చూసి, ఇంట్లో మాటమాత్రం చెప్పకుండా విభాగానికి దరఖాస్తు పెట్టేశాడు.

“గేటుకి ఎనామిల్ బోర్డు కొడతారు తెరేసా. ‘ఆదర్శ పెరటి తోట’ అని. కింద నా పేరు ఉంటుంది” అన్నాడు.

“పాదు పెట్టింది నేను కదండీ.”

“కుటుంబ యజమాని పేరే రాస్తారు. రూలు.”

జనవరిలో జీపు దిగింది. సమాజ శ్రేయస్సు అధికారి అచ్యుతరామారావు పందిరి కింద నిలబడి, చాలాసేపు పైకి చూసి, తీగ పైనే ఉందని నిర్ధారించుకున్నాడు. తరవాత బంట్రోతు చేత ప్రతి తొడిమకూ పురికొస కట్టించి, లక్క కరిగించి, సీలు వేయించాడు.

“ఇన్‌స్పెక్షన్ అయ్యేదాకా ఒక్క కాయ కూడా కొయ్యకూడదమ్మా” అన్నాడు.

“ఇప్పుడు చూశారు కదండీ. ఇది ఇన్‌స్పెక్షన్ కాదాండీ?”

“ఇది ఇన్‌స్పెక్షన్ చెయ్యొచ్చో లేదో చూసే ఇన్‌స్పెక్షన్.”

“తిరునాళ్ళకి వచ్చినవాళ్ళకి వండిపెట్టాలండీ. మొక్కు.”

“సమాజానికి మేలు చెయ్యడానికేగా మేమున్నది? మీ పాటికి మీరే పెట్టేస్తే ఇంక మా డిపార్ట్‌మెంటు ఎందుకమ్మా?”

సీలు కింద కాయ కనిపించకపోతే జాతి సంపద అపహరణ కింద కేసు అవుతుందనీ, ఇంట్లో సర్కారు ఉద్యోగి ఉంటే ఆ ఉద్యోగం ఊడుతుందనీ చెప్పి, జీపెక్కాడు. మరియదాసు గేటుకు మేకు ఎక్కడ కొట్టాలో చూసుకుంటున్నవాడు, సుత్తి కింద పెట్టాడు.

తిరునాళ్ళు దగ్గర పడ్డాయి. ఇన్‌స్పెక్షన్ మాత్రం రాలేదు. లేత కాయలు తెరేసమ్మ కళ్ళముందే ముదురుతున్నాయి. మొక్కు తప్పితే మాతకు మొహం ఎలా చూపించాలి? మొక్కు తీరిస్తే మొగుడి ఉద్యోగం పోతుంది. టైఫాయిడ్‌నుంచి దక్కిన మనిషిని సొరకాయకు పోగొట్టుకోవాలా? వంటింటి గుమ్మంలో కూర్చుని ఆమె ఏడ్చేసింది.

గోడ అవతలినుంచి త్రిపురసుందరి ఆ ఏడుపు వింది.

“సీలు తొడిమకి కదండీ వేశారు. సీలు కిందికి కొయ్యండి. ఆ చోట బజారు కాయ కట్టేద్దాం.”

“దొంగతనం కాదాండీ?”

“మీ కాయలు మీరు కోసుకుంటే దొంగతనం ఏమిటండీ? అరటినార ఉంటే ఇలా ఇవ్వండి.”

త్రిపురసుందరిది మల్లెమొగ్గలు మాల కట్టిన చెయ్యి. ఆమె ముడి వేస్తే పువ్వు వాడుతుందే గాని ఊడదు. పట్టపగలే ఇద్దరూ స్టూలు వేసుకుని పని పూర్తిచేశారు. లక్క చెక్కు చెదరలేదు. ఇబ్బంది ఒక్కటే. హనుమాన్ జంక్షన్ లారీలో ఆరోజు దిగినవన్నీ పొడుగు కాయలు. (తెరేసమ్మ ఈ సంగతి పాపసంకీర్తనంలో చెప్పుకుంది. ఎవరి సొత్తు దొంగిలించావని ఫాదర్ గారు అడిగారు. నాదేనండీ అంది. ఆయన ఎందుకైనా మంచిదని మూడు మంగళవార్త జపాలు చెప్పమన్నారు.)

తిరునాళ్ళ రోజున గుమ్మం ముందు పంక్తి సాగుతుండగా జీపు వచ్చింది. జనంలో ఇరుక్కుని ఆలస్యమైందనీ, పొద్దున్నుంచీ ఏమీ తినలేదనీ అచ్యుతరామారావు అన్నాడు. ఆకలితో వచ్చిన మనిషికి ముందు విస్తరి వేయడమే ఆ ఇంటికి తెలుసు. ఆయన సొరకాయ పప్పు మారు వేయించుకుని, సొరకాయ ఎంత లేతగా ఉందో అని మెచ్చుకుని, చెయ్యి కడుక్కుని, ఆ సొరకాయలు భద్రంగా ఉన్నాయో లేదో చూడ్డానికి పెరట్లోకి నడిచాడు.

మరియదాసు ప్రార్థన మొదలెట్టాడు.

అచ్యుతరామారావు సీళ్ళన్నీ తడిమి చూశాడు. ఒక్కటీ పగల్లేదు. సీలు పడ్డ తరవాత కాసిన పిందెలు గుండ్రంగా ఉన్నాయి. సీలున్నవి మాత్రం మూరెడు పొడుగు. ఆయన వెనక్కి తిరిగాడు.

“ఇవి మేం వచ్చినప్పుడు గుండ్రంగా ఉన్నాయి కదమ్మా?”

“అవునండీ” అంది తెరేసమ్మ. అబద్ధం ఆడటానికి ఆమెకు నోరు రాలేదు.

“సీలు వేశాక సాగాయన్నమాట.”

ఆమె పంక్తిలో వడ్డించడానికి వెళ్ళిపోయింది. ఆయనకు అది చాలింది. ప్రభుత్వ ముద్ర పడిన కాయ పడని కాయకంటే అధికంగా ఎదుగుతుందని నివేదిక వెళ్ళింది. వర్షాలు వెళ్ళేసరికి జిల్లాలో సొర పాదున్న ప్రతి ఇంటికీ లక్క చేరింది. సీలు పడ్డాక కూడా కాయ సాగకపోతే ఆ గృహస్థు విభాగానికి సహకరించలేదని మెమో ఇచ్చారు. గృహస్థులు తెలివితక్కువవాళ్ళేం కాదు. సంక్రాంతి వెళ్ళేలోపే వాళ్ళంతా తమ గుండ్రటి కాయలు వండుకు తినేసి, బజారుకు వెళ్ళి పొడుగువి తెచ్చి కట్టుకున్నారు. అరటినారకు గిరాకీ పెరిగింది. మరియదాసు గేటుకు ఎనామిల్ బోర్డు పడింది.

మళ్ళీ ఫిబ్రవరి వచ్చింది. తెరేసమ్మ పందిరి నిండా కాయలే, ప్రతిదానికీ సీలే. ఇన్‌స్పెక్షన్ మార్చిలో అన్నారు. కోద్దామంటే ఆ చోట కట్టడానికి హనుమాన్ జంక్షన్‌దాకా వెతికినా ఒక్క సొరకాయ దొరకలేదు. ఉన్నవన్నీ పందిళ్ళకు వేలాడుతున్నాయి. మొక్కు పెట్టుకున్నాక మొదటిసారి ఆమె చారు కాచి, ఒట్టి పప్పు వండింది. వడ్డిస్తూ ఎవరి కళ్ళలోకీ చూడలేకపోయింది.

పామర్రునుంచి ఏటా నడిచొచ్చే ముసలామె శౌరమ్మ పప్పు కలుపుకుంటూ, “ఏంటమ్మా తెరేసమ్మా, ఈ ఏడు సొరకాయ కాయలేదా?” అంది.

“కాయకేం పిన్నీ. జిల్లా అంతా కాసింది. భోంచేసి పెరట్లోకి వెళ్ళి చూసి రా.”

శౌరమ్మ వెళ్ళి చూసి వచ్చింది. పందిరి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్న విభాగం గుమాస్తా, ఆమెను లబ్ధిదారుగా రాసుకున్నాడు.