అనుమానం వస్తే ఆలస్యం చేయండి

చట్టాల్లోకెల్లా చల్లని చట్టం ఏదంటే, పిల్లల మీద ఇంట్లో దౌర్జన్యం జరుగుతోందని అనుమానం వచ్చిన టీచరు వెంటనే, స్వయంగా ఫిర్యాదు చేసి తీరాలనే చట్టం. నవ్వకండి! ముప్పై ఏళ్లుగా లెక్కలు చెబుతున్నవాణ్ణి, లెక్క తప్పి మాట్లాడను. ఈ చట్టం వచ్చాక మా బడిలో ఎవరికీ ఏ బాధ్యతా లేకుండా పోయింది.

ఎలాగంటారా? అదివరకు పిల్ల ఒంటిమీద దెబ్బ కనిపిస్తే టీచరు మనసు కొట్టుకునేది. ఇప్పుడా బాధ లేదు. కమిటీ ఉంది. కమిటీకి ఫారం ఉంది. ఫారానికి మూడు కాపీలున్నాయి. మనసుకి కాపీలుంటాయా, మీరే చెప్పండి?

మాకు శిక్షణ కూడా ఇచ్చారు. కంప్యూటర్లో నలభై నిమిషాల పాఠం, చివర ఇరవై ప్రశ్నలు. పాఠం తన మానాన తాను నడుస్తుంటే మేము యూనిట్ టెస్టు పేపర్లు దిద్దుకున్నాం. సైన్సు టీచరు పుణ్యమా అని జవాబులన్నీ స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో ముందే వచ్చేశాయి. కాపీ కొట్టిన పిల్లల్ని బెంచీ ఎక్కించే మేము, అందరం నూటికి నూరు తెచ్చుకున్నాం. సర్టిఫికెట్లు లామినేషన్ చేయించి స్టాఫ్ రూంలో వరసగా తగిలించాం. ఇన్ని సర్టిఫికెట్లున్న బడిలో ఏ పిల్లకైనా భయమేముంటుంది?

అలాంటి శుభసమయంలో మూడో తరగతిలో ఒక రెండు జడల పిల్ల నా కంట పడింది. మోచేతి పైన వరసగా కమిలిన మచ్చలు. అడిగితే "మెట్ల మీద పడ్డాను సార్" అంది. నెలలో అది మూడోసారి పడడం. వాళ్లుండేది మా వీధిలోనే. నేలకి సమంగా కట్టిన ఇల్లు, ఒక్క మెట్టు కూడా లేదు. నా చేతిలోంచి డస్టరు జారి చప్పుడైతే, ఆ పిల్ల రెండు చేతులూ తలమీద పెట్టుకుని బెంచీ కిందికి వంగిపోయింది.

నాకు అనుమానం వచ్చింది. కాబట్టి పద్ధతి ప్రకారం కమిటీ కోఆర్డినేటర్ మేడమ్ దగ్గరికి వెళ్లాను.

"అనుమానమా సార్, ఖాయమా?" అని అడిగారావిడ.

"అనుమానమే మేడమ్."

"అయితే ఖాయమయ్యాక రండి. పెద్దవాళ్ల వ్యవహారం."

ఎంత ముందుచూపు! అనుమానం చాలని చట్టం అంటుంది గానీ, చట్టానికి ఆ పిల్ల నాన్న తెలియదు కదా. తల్లిదండ్రుల సంఘానికి ఆయనే అధ్యక్షుడు. బడిలో మంచినీళ్ల ఫిల్టరు ఆయన పెట్టించిందే. ఆ నీళ్లు తాగుతూ ఆయన మీదే ఎలా రాస్తాం?

అయినా ప్రిన్సిపాల్ గారు ఊరుకోలేదు. మీటింగు పెట్టారు. "నా పీరియడ్లో పడలేదని మాత్రం రాసుకోండి" అన్నాడు డ్రిల్లు మాస్టారు. ముందు కౌన్సెలర్ అభిప్రాయం తీసుకోవాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. కౌన్సెలర్ పోస్టు రెండేళ్లుగా ఖాళీ. ఈలోగా ఫారం నింపాం. నేను "కమిలిన మచ్చలు" అని రాస్తే, మేడమ్ కొట్టేసి "రంగు మారిన చర్మం" అని రాశారు. ప్రిన్సిపాల్ గారు ఇంకొంచెం మెత్తబరిచారు. మూడో కాపీకి వచ్చేసరికి ఆ పిల్లకి చెయ్యి ఉందన్న సంగతి ఒక్కటే మిగిలింది.

ఇంత చక్కగా నడుస్తున్న బండిని బడి ఊడ్చే ఆయమ్మ చెడగొట్టింది.

ఆవిడకి శిక్షణ లేదు. ఆవిడ పేరు ఆ శిక్షణ జాబితాలోనే లేదు. నీళ్లు ఒలికి ఆ పిల్ల చొక్కా తడిస్తే, మార్చడానికి బాత్‌రూమ్‌కి తీసుకెళ్లింది. వీపు చూసింది. తనిఖీకి వచ్చేవాళ్ల కోసం తలుపు పక్కన మేము అతికించిన పోస్టరు మీద హెల్ప్‌లైన్ నంబరుంది. పోస్టరు ఉన్నది వాడడానికి కాదని ఆవిడకెవరూ చెప్పలేదు పాపం! కూడబలుక్కుని చదువుకుని, ఆఫీసు ఫోన్లో ఆ నంబరు నొక్కింది. మూడు నిమిషాలు మాట్లాడింది. బడి వదిలేలోపే ఇద్దరు అధికారులొచ్చారు. ఆ పూటే పిల్లని వాళ్ల పిన్ని ఇంటికి చేర్చారు.

క్రమశిక్షణ అన్నది ఒకటుండాలి కదండీ? అనుమతి లేకుండా ఆఫీసు ఫోను వాడినందుకు ఆయమ్మని సంజాయిషీ అడుగుతూ మెమో తయారైంది. దస్తూరి బాగుంటుందని నా చేతే రాయించారు, నా చేతే ఇప్పించారు. ఆవిడ చీపురు గోడకి ఆనించి, "ఇంత కష్టమైన మాటలు నాకు రావు, మీరే చదవండి సార్" అంది. చదివాను. ఫోను గురించి ఆవిడ ఒక్క మాట కూడా అడగలేదు.

"మీకు ముందే తెలుసంట కదా సార్. ఎప్పట్నుంచి?"

"పదిహేడు రోజుల్నుంచి."

"మరి ఈ పదిహేడు రోజులూ ఆ పిల్ల ఆ ఇంటికే పోయిందా?"

పోయింది. సాయంత్రం గేటు డ్యూటీ నాదే. రోజూ వాళ్ల నాన్న రాగానే, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి నేనే ఆయనకి అప్పగించాను. నవ్వుతూ "బాగున్నారా" అని అడిగాను కూడా.